నిచ్చెన గుర్తు

నల్లరేవు నియోజకవర్గం పోయి ఆరేళ్లు దాటింది. పోయిందని ఎవరూ ఏడవలేదు. అదేమీ ఎమ్మెల్యేనో ఎంపీనో గెలిపించే నియోజకవర్గం కాదు. అయిదు ఊళ్లు కలిసి మండల పరిషత్తుకు ఒక ఎంపీటీసీని పంపేది, అంతే. కొత్త జిల్లాలు, కొత్త మండలాలు వచ్చినప్పుడు గీతలు మళ్లీ గీశారు. మూడు ఊళ్లు ఒక మండలంలోకి, రెండు ఊళ్లు ఇంకో మండలంలోకి పోయాయి. నల్లరేవు పేరు మీద నియోజకవర్గమే లేకుండా పోయింది. ఉన్నప్పుడు పట్టించుకోని జనం పోయాక పట్టించుకుంటారా? అలాంటిదాని చరిత్రను నల్ల గ్రానైటు మీద చెక్కించాలన్న ఆలోచన మహిపాల్ పటేలుకు తప్ప ఇంకెవరికీ వచ్చేది కాదు.

మహిపాల్‌కు ఊరికే రాలేదు. తండ్రి రాఘవేందర్ పటేలు పోయి ఏడాది నిండబోతోంది. మండలం ఎన్నికలు ఇవాళో రేపో అంటున్నారు. కొత్త గీతల్లో ఎక్కడ నిలబడ్డా, మా ఇంటి వెనక ఇంత చరిత్ర ఉందని చూపించుకోవడానికి ఒక రాయి ఉంటే మంచిదే కదా.

ఆ రాయి ఇబ్రహీం షెడ్డుకు వచ్చింది. కృష్ణ బ్రిడ్జి దాటి, బీచుపల్లి దాటి, హైవే మీద నుంచి నల్లరేవు దారి మళ్లేచోట ఉంది ఆ రేకుల షెడ్డు. రేకులు ఇబ్రహీంవి, నేల పటేలుది. గుళ్ల శిలాఫలకాలు, బడిగదుల శంకుస్థాపన రాళ్లు, కిరస్తానీల సమాధులు, సాయిబుల ఖబర్లు, ఎవరి పేరు రాయికెక్కాలన్నా ఇబ్రహీం ఉలి కిందికి రావాల్సిందే. గద్వాలలో గంటలో చెక్కిచ్చే మిషన్లు వచ్చాయి కానీ, చేత్తో కొట్టిన అక్షరం లోతు వేరని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. చెక్కేది ఇబ్రహీం. చెక్కిన అక్షరంలో రంగు నింపేది అతని భార్య ఖైరున్నిసా.

ఖైరున్నిసా అని అడిగితే ఊళ్లో సగం మంది ఎవరామె అంటారు. నిచ్చెనమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా షెడ్డు దారి చూపిస్తారు.

పటేలు మనిషి బాలరాజు బండి దిగి, రాయాల్సింది రాసిన కాగితం ఇచ్చి, వచ్చే ఆదివారం పొద్దున ఆవిష్కరణ అని చెప్పిపోయాడు. మామూలుగా ఇబ్రహీం అలాంటి కాగితాన్ని ఎదురుగా మేకుకు గుచ్చి, చూస్తూ చెక్కుతాడు. ఈసారి చదివి, నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు. ఖైరున్నిసా అది చూసింది. పక్కన, ఆ ఊరి ఇస్రాయేలు వాళ్ల నాయన సమాధిరాయికి తెల్లరంగు నింపుతోంది ఆమె.

ఆ సమాధిరాయి మీద రెండు పేర్లున్నాయి. పోయిన ముసలాయనది ఒకటి, ఇంకా బతికున్న ముసలామెది ఒకటి. ఇద్దరినీ ఒక్కచోటే పెట్టుకునే కుటుంబాలు ఖర్చు కలిసొస్తుందని రెండు పేర్లూ ఒకేసారి చెక్కిస్తాయి. కానీ బతికున్న మనిషి పేరులో రంగు నింపరు. ఆ అక్షరాలు నల్లరాతిలో నల్లగానే ఉండిపోతాయి. ఆ వేళ వచ్చాకే ఖైరున్నిసా వెళ్లి కుంచె పెడుతుంది. ఈ చుట్టుపక్కల అది అందరికీ తెలిసిన పద్ధతి. ముసలామెను ఎవరైనా ఆటపట్టించాలంటే, నీ పేరుకు రంగెప్పుడు అవ్వా అని అడుగుతారు.

ఇబ్రహీం గ్రానైటు పలకను మొద్దుల మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో గీతలు కొట్టాడు. పైన పేరు చెక్కాడు. "నల్లరేవు ఎంపీటీసీ నియోజకవర్గం. ఎన్నికల చరిత్ర." తర్వాత రోజు కింది వరుస మొదలుపెట్టాడు. ఖైరున్నిసాకు అప్పుడు అనుమానం వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ చూస్తోంది, ఈ మనిషి ఏ రాయినైనా పై నుంచి కిందికే చెక్కుతాడు. కింది వరుస ముందు చెక్కితే పై వరుస పొడి దానిలో నిండి మళ్లీ మళ్లీ ఊదాల్సి వస్తుందని అందరికీ చెప్పేది ఆయనే. ఇప్పుడు కింది నుంచి పైకి ఎక్కుతున్నాడు. సాయంత్రం అయ్యేసరికి గోనెపట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాడు. రాత్రి కుక్కలు పడుకుంటాయంట.

అతను నమాజుకు పోయాక ఆమె ఇటుక తీసి పట్టా ఎత్తింది.

అయిదు ఊళ్ల పేర్లు. ఆ కింద నాలుగు వరుసలు. 1995లో రాఘవేందర్ పటేలు, గెలుపు. 2006లో స్త్రీలకు రిజర్వు అయింది కాబట్టి ఆయన భార్య అనసూయమ్మ, గెలుపు. 2014లో మహిపాల్, గెలుపు. మధ్యలో 2001 వరుస ఇంకా చెక్కలేదు. సుద్దతో గీసి మాత్రం ఉంది. రాఘవేందర్ పటేలు, ఏకగ్రీవం.

ఆమె ఆ మాట మళ్లీ చదివింది. తప్పు చదివానేమోనని చీరకొంగుతో సుద్దపొడి కొంచెం తుడిచి మరీ చదివింది. ఏకగ్రీవం. అంటే పోటీగా ఎవరూ నిలబడలేదని. అంటే ఆ ఏడాది మూడు నెలల పిల్ల అల్ఫియాను చంకనేసుకుని, మండలాఫీసు ముందు ఎండలో నిలబడి, నామినేషను వేసిన ఖైరున్నిసా అనే ఆడమనిషి లేనే లేదని. ఊళ్లో పెద్దమనుషులంతా కూర్చుని పటేలుకు మాట ఇచ్చేసిన తర్వాత, ఆ మాటకు ఎదురుతిరిగినది ఎవరూ లేరని. ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంట వెనకాలే ఏడుపు కూడా వచ్చింది కానీ, దాన్ని రానివ్వలేదు.

ఇబ్రహీం తిరిగొచ్చేసరికి పట్టా తీసే ఉంది. ఆమె మొద్దు మీద కూర్చుని ఉంది. అతను చెప్పులు విప్పి, విడిచిన చోటే ఒకసారి సర్ది, ఇంకోసారి సర్దాడు.

"ఇది నువ్వు చెక్కుతవా, అల్ఫియా అబ్బా?" అని అడిగింది.

చెక్కకపోతే ఎట్లా అన్నాడు. నేల ఆయనది. ఇరవై ఏళ్లకు పైగా ఒక్క మాట అనకుండా ఉండనిచ్చారు. ఇప్పుడు పొమ్మంటే ఈ వయసులో ఎక్కడికి పోయి రేకులు వేసుకుంటాం? అయినా అందులో ఉన్నది ఒక్క మాట. ఆ మాట చదివేదెవరు? ఆ నియోజకవర్గమే లేదు గదా. ఇలాంటివి చాలా చెప్పాడు. చెప్తున్నంత సేపూ ఆమె ముఖం చూడలేదు.

"నా పేరు రాయమంటున్ననా? పటేలు పక్కన నా పేరు పెట్టమంటున్ననా? గెలిచిండు, గెలిచిండనే రాసుకొమ్మను. కొట్లాడినోళ్లే లేరని రాయకు. గంతే నేనడిగేది."

"నన్నడిగితే ఏమొస్తది ఖైరూ. కాగితం రాసింది నేనా?"

సరే, రాసినవాణ్ణే అడుగుతానంది.

మర్నాడు పొద్దున రంగుచేతులు గ్యాసునూనెతో తుడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని పటేలు ఇంటికి పోయింది. పెద్ద ఇల్లు. అరుగు మీద అనసూయమ్మ చాట ముందు పెట్టుకుని కందులు చెరుగుతోంది. ఏడాదిగా ఆమె చేతికి గాజుల్లేవు. ముసలామెకు చెవులు సరిగా వినబడవని ఊళ్లో అంటారు. ఖైరున్నిసా దండం పెడితే తలూపింది, చాట ఆపలేదు.

మహిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. విషయం విని నవ్వాడు. ఆ నవ్వులో కోపమేమీ లేదు, అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. అయిదు ఊళ్లూ ఒక్క నోటితో మా నాయనను గెలిపించాయి, అది నాయన చివరిదాకా చెప్పుకున్న మాట, ఆయన పోయిన ఏడాదికి ఆ మాట రాతి మీద ఉండాలని నా కోరిక, అన్నాడు. నువ్వు నిలబడ్డ సంగతి నాకూ తెలుసు, అప్పుడు నేను హైదరాబాదులో చదువుతున్నా, నవ్వుకున్నాం గూడా, అన్నాడు.

"ముప్పై ఏడు ఓట్లు, ఖైరమ్మా. రెండువేల మందిల ముప్పై ఏడు. దాన్ని ఎవరన్న పోటీ అంటరా?"

"ఓడిపోయిన్నని నాకు తెల్సు పటేలా. లేనని మాత్రం తెల్వదు."

మహిపాల్ నవ్వు ఆపాడు. ఇంత చిన్నదాన్ని ఇంత దూరం తెస్తున్నావు, ఇబ్రహీంకు కష్టమవుతుంది, అన్నాడు. షెడ్డు మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు. బాలరాజు వైపు చూసి, ఆదివారానికి రాయి నిలబడాల, అన్నాడు. మాట అయిపోయిందని అర్థం.

ఆమె మెట్లు దిగబోతుంటే అనసూయమ్మ చాట పక్కన పెట్టి, లోపలి నుంచి చల్ల తెప్పించి గ్లాసు చేతికిచ్చింది. తాగుతున్నంత సేపూ ఆమె రంగంటిన గోళ్లను చూస్తూ కూర్చుంది.

"రాయికి రంగు నువ్వే నింపుతవా?" అని అడిగింది.

"నేనే నింపుత పటేలమ్మ. ఇంకెవరున్నరు?"

ముసలామె ఖాళీ గ్లాసు తీసుకుని మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంది.

ఇంటికొచ్చే దారిలో నీళ్ల ట్యాంకు దగ్గర ఖైరున్నిసా కాస్త ఆగింది. సాయిబుల వాడకు నల్లా కావాలని ఆ రోజుల్లో అదే పటేలు అరుగు ముందు నిలబడి అడిగింది తను. గెలిచి తెచ్చుకో, అన్నాడు రాఘవేందర్ పటేలు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేలా. తెల్లారి పోయి నామినేషను వేసింది. నిచ్చెన గుర్తు ఇచ్చారు. ఓడిపోయిన వారం నుంచే నిచ్చెనమ్మ అని పిలవడం మొదలైంది. నిచ్చెన ఎక్కి ఎంతదాకా పోయినవమ్మా, పైన నీళ్లున్నయా, అని అడిగేవాళ్లు. ఆ నవ్వులు ఎంత గుచ్చుకున్నా ఆమె ఆ పేరుకు పలికేది. నల్లా మాత్రం ఆ ఏడే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరూ రాతి మీద రాయలేదు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఉలి చప్పుడు మొదలైంది. ఖైరున్నిసా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని వింటోంది. ఇబ్రహీం సుత్తె ఎప్పుడూ ఒకే తూకంలో పడుతుంది. ఇవాళ రెండు దెబ్బలు పడటం, ఆగడం, మళ్లీ రెండు పడటం. మధ్యలో ఒకసారి చాలాసేపు ఆగింది. వద్దనుకున్నాడేమోనని ఆమె తల ఎత్తింది. తర్వాత మళ్లీ మొదలైంది. ఆమె రొట్టె పెనం మీద మాడిపోయింది. మాడిన రొట్టెనే ఆయనకు పెట్టింది. అతను అదే తిన్నాడు.

శనివారం పొద్దున రాయిని ట్రాక్టరులో గడ్డి పరిచి తీసుకుపోయారు. పంచాయతీ ఆఫీసు ముందు, రాఘవేందర్ పటేలు బొమ్మ కోసం కట్టిన గద్దె పక్కనే నిలబెట్టి సిమెంటు పోశారు. ఇంత పెద్ద రాళ్లకు రంగు ఎప్పుడూ నిలబడ్డాకే నింపుతారు. ముందే నింపితే దింపేటప్పుడు రాసుకుపోతుంది, సిమెంటు చింది పాడవుతుంది. సిమెంటు కాస్త గట్టిపడ్డాక, ఎండ వాలే వేళకు ఖైరున్నిసా బంగారు రంగు డబ్బా, రెండు కుంచెలు, గ్యాసునూనె సీసా, పాతగుడ్డలు బుట్టలో వేసుకుని వచ్చింది. వెనక ఇబ్రహీం వచ్చాడు. అతని అవసరం లేకపోయినా వచ్చాడు.

ఆమె రాయి ముందు పీట వేసుకుని మొదలుపెట్టింది. అక్షరం లోపల దుమ్మును పొడి కుంచెతో ఊడ్చి, రంగు ముంచిన కుంచెను డబ్బా అంచుకు రెండుసార్లు రాసి, గాటు అడుగు నుంచి నింపుకుంటూ వస్తుంది. పైకి పొంగిన రంగును గుడ్డ వేలికి చుట్టి ఒక్క ఊపున తుడుస్తుంది. కొమ్ములు, గుడులు, వత్తులు ఒక్కొక్కటే మెరుస్తూ బయటపడ్డాయి. బడి వదిలిన పిల్లలు, కూలి నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు కాసేపు నిలబడి చూసిపోయారు. పైపేరు నింపింది. ఊళ్ల పేర్లు నింపింది. 1995 వరుస నింపింది. 2001 అంకెలు నింపింది, రాఘవేందర్ పటేలు పేరు నింపింది. తర్వాత పీట జరుపుకుని 2006 వరుసకు దిగింది. అనసూయమ్మ పేరు శ్రద్ధగా నింపింది. 2014 కూడా అయింది. చేతులు తుడుచుకుని డబ్బా మూత పెట్టింది.

బాలరాజు దగ్గరికొచ్చి చూసి, ఒకటి మర్చిపోయావన్నాడు. మర్చిపోలేదంది. నిజంగానే విడిచిపెట్టిందని అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పటేలుకు ఫోను చేస్తానన్నాడు. చెయ్యమంది. మహిపాల్ వనపర్తి నుంచి చుట్టాలను తీసుకురావడానికి పోయాడు, ఫోను ఎత్తలేదు. బాలరాజు ఇబ్రహీం మీద పడ్డాడు. నువ్వన్నా నింపు, రేపు పొద్దున నా తల పోతుంది, అన్నాడు.

ఖైరున్నిసా లేచి, మళ్లీ డబ్బా మూత తీసి, రంగు ముంచిన కుంచెను ఇబ్రహీం చేతికిచ్చింది.

"నింపు. చెక్కినోడివి నువ్వే గదా."

ఆమె ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది. నింపితే ఏడుస్తుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. కాపురం విడిచిపోదు. అది అతనికీ తెలుసు. ఇబ్రహీం రాయి ముందు పీట మీద కూర్చున్నాడు. తన చేత్తో చెక్కిన నాలుగు అక్షరాలనూ వేలితో తడిమాడు. లోతు బాగానే వచ్చింది, ఏ అంచూ విరగలేదు. ఇంత మంచిగా చెక్కినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందని చాలా రోజుల తర్వాత ఆమెతో చెప్పాడు. అప్పుడు మాత్రం కుంచె గ్యాసునూనెలో ముంచి, రంగు పోయేదాకా కడిగి, గుడ్డతో తుడిచి బుట్టలో పెట్టాడు.

"షెడ్డు పోతది," అన్నాడు లేస్తూ.

"పోనీ," అంది.

బాలరాజు ఏం చెయ్యాలో తెలియక రాయి మీద ఎర్రగుడ్డ కప్పాడు. పొద్దున్నే పటేలు చూసేలోగా ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు. కానీ పొద్దున్నే షామియానా వాళ్లు, కుర్చీల వాళ్లు, మైకు వాళ్లు అతన్ని నిమిషం నిలబడనివ్వలేదు. అలా ఆ గుడ్డ కింద ఏముందో తెలియకుండానే మహిపాల్ పటేలు తెల్లబట్టలు వేసుకుని వచ్చాడు.

జనం బాగానే వచ్చారు. భోజనాలున్నాయి. మొదటి వరుసలో రెండు మండలాల పెద్దలు కూర్చున్నారు. అనసూయమ్మను చేయిపట్టి తెచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఖైరున్నిసా, ఇబ్రహీం చివర్లో, వేపచెట్టు కింద నిలబడ్డారు. మహిపాల్ మైకులో తండ్రి గురించి చెప్పాడు. నల్లరేవు నియోజకవర్గం పోయినా దాని చరిత్ర పోదన్నాడు. అయిదు ఊళ్లు ఒక్క మాట మీద నిలబడ్డ రోజులవి అన్నాడు. తాడు లాగాడు.

గుడ్డ జారింది. ఎండలో బంగారు అక్షరాలు మెరిశాయి. చప్పట్లు మొదలై మధ్యలోనే తగ్గిపోయాయి. ముందు వరుసలోవాళ్లకు ఏమైందో అర్థం కాలేదు కానీ, వెనకున్నవాళ్లకు వెంటనే అర్థమైంది. వాళ్ల పెద్దల సమాధిరాళ్లకూ అదే పద్ధతి. రంగు నింపని అక్షరం అంటే ఇంకా జరగనిదని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రాఘవేందర్ పటేలు పేరు పక్కన ఏకగ్రీవం అన్న మాట రంగు లేకుండా, రాయి రంగులోనే ఉంది.

మహిపాల్ మైకు పక్కకు పెట్టి పిలిచాడు. ఆమె వెళ్లింది. దారి ఇచ్చినవాళ్లు ఇస్తుంటే కుర్చీల మధ్య నుంచి నిదానంగా వెళ్లింది.

"ఏందిది?"

"రంగు నింపలె పటేలా."

"అదే, ఎందుకు నింపలె?"

"జరుగనిదానికి రంగు నింపను. నా చేతికి అలవాటు లేదు."

ముందు వరుసలో ఒక పెద్దమనిషి, ఎవరమ్మా నువ్వు, అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. జనం వైపు తిరిగింది.

"నేనెవరో ఈయనకు తెల్వదంట. మీరు చెప్పుండ్రి. నన్నేమని పిలుస్తరు మీరు? నిచ్చెనమ్మ అని ఎందుకు పిలుస్తుండ్రు? నేనేమన్న నిచ్చెనలు అమ్మిన్నా? నిచ్చెన దొంగిలిచ్చిన్నా? ఇన్నేండ్లు నన్ను నవ్వుకుంట పిలిచిండ్రు, నేను పలికిన. ఇయ్యాల ఏకగ్రీవమంటే ఎట్లొప్పుకుంటరు? పోటీయే లేకపాయె, మరి ఈ పేరు నాకెట్లొచ్చె?"

ఎవరూ నవ్వలేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. మహిపాల్ ఆమెను పంపించెయ్యమని బాలరాజుకు సైగ చేశాడు. ఆమె కదల్లేదు.

"ముప్పై ఏడు మంది నాకేసిండ్రు. వాళ్లెవరో నాకు తెల్వదు. అప్పుడడుగలె, ఇప్పుడు గూడ అడుగను. భయపడుకుంట పోయి వేసినోళ్లు గావచ్చు. వాళ్లను లేనోళ్లను చెయ్యకు పటేలా. నా సంగతి విడిచిపెట్టు."

అప్పుడు వెనక కుర్చీల్లోంచి ఇస్రాయేలు లేచాడు. మొన్న తండ్రి సమాధిరాయి చేయించుకున్న మనిషే. నలభై ఏళ్లు బొంబాయిలో మట్టి మోసి నడుము వంగింది. లేవడానికి ముందు కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

"నేనొకన్ని," అన్నాడు. "ఏకగ్రీవమైతే మీ నాయన మాకు బొంబాయికి బస్సు ఎందుకు పంపిండు, పటేలా? ఓట్లెయ్యనీకి రమ్మని బస్సు పెట్టిండు. నేను, మా పెంటమ్మ ఆ బస్సుల్నే వచ్చినం. బస్సు ఆయనది. ఓటు మాది."

పక్కన కూర్చున్న పెంటమ్మ మొగుడి అంగీ పట్టుకుని కిందికి లాగింది. కూర్చోబెట్టడానికనుకున్నారు అందరూ. ఆమె ఆ పట్టుతోనే తాను పైకి లేచి పక్కన నిలబడింది. ఆ తర్వాత చాకలి కృష్ణయ్య లేచాడు. సాయిబుల వాడ నుంచి ఇద్దరు ముసలివాళ్లు లేచారు. ఊరికే నిలబడ్డారు. ఖైరున్నిసా వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. రోజూ కనబడే ముఖాలే. నిచ్చెనమ్మా అని నవ్వినవాళ్లలో ఒకరిద్దరు కూడా ఉన్నారు. ఆమెకు ఇప్పుడు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్క వేస్తే, ఆ ఏడు నిచ్చెనకే వేశామన్నవాళ్లు యాభై దాటారంటారు. అప్పటికి పుట్టనివాడొకడు కూడా వేశానన్నాడట.

మహిపాల్ ముఖం ఎర్రబడింది. చచ్చిపోయినాయన మీద పగ తీర్చుకుంటున్నారా అని అడిగాడు. మా నాయన తిండి తిననివాళ్లు ఇక్కడెవరన్నా ఉన్నారా అన్నాడు. షెడ్డు మాట కూడా అనేశాడు. రేపటి నుంచి ఆ నేల మీద రేకులు కనబడొద్దన్నాడు. ఇబ్రహీం వేపచెట్టు కింద నుంచి నడిచొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"తీసేస్త పటేలా," అన్నాడు. "ఆ మాట చెక్కి తప్పు చేసిన. రంగు మాత్రం నేను గూడ నింపను."

మధ్య కుర్చీలో కదలిక వచ్చింది. అనసూయమ్మ లేవబోతోంది. పక్కనున్న కోడలు సరిత చేయి పట్టుకోబోతే వదిలించుకుంది. చెవులు వినబడవనుకున్న ముసలామె నాలుగడుగులు నడిచి రాయి దగ్గరికి వచ్చింది. 2006 పక్కన బంగారు రంగులో ఉన్న తన పేరును కాసేపు చూసింది. ఆ అయిదేళ్లూ పేరు ఆమెది, కుర్చీ ఆయనది అని ఊరందరికీ తెలుసు. తర్వాత పైవరుసలో రంగు లేని మాట మీద అరచెయ్యి పెట్టింది.

"అమ్మా, నువ్వు కూసో. ఎండ ఉన్నది," అన్నాడు మహిపాల్.

"ఉన్న ముప్పై ఏడుల ఒకటి నాది, కొడుకా."

ఆమె గట్టిగా అనలేదు. మైకు దగ్గర్లో ఉండటంతో అందరికీ వినబడింది. మహిపాల్ తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏం మాట్లాడుతున్నవ్."

"నీళ్లడగనీకొచ్చింది ఈ పిల్ల. చంకల బిడ్డ. మీ నాయన నవ్విండు, అందరు నవ్విండ్రు. నేను తలుపు వెనకనే ఉంటి." ముసలామె రాతి మీది చెయ్యి తీయలేదు. "మీ నాయనకు ఇంట్లనే ఏకగ్రీవం గాలె. ఊర్ల యాడయితది?"

ముందు వరుస పెద్దలు చేతిగడియారాలు చూసుకున్నారు. మైకువాడు ఆపాలా వద్దా అని అటూ ఇటూ చూశాడు.

అనసూయమ్మ ఇబ్రహీం వైపు తిరిగింది. ఆ మాట తీసెయ్యాలంటే ఎంతసేపు పడుతుందని అడిగింది. రాతి మీద చెక్కింది తుడిచేస్తే పోదు, ఆ మేర అంతా లోపలికి కొట్టి నున్న చెయ్యాల, పల్లం మాత్రం మిగిలిపోతుంది, అన్నాడు ఇబ్రహీం. పల్లం ఉంటే ఉండనీ అంది ముసలామె. ఏం రాయమంటారని అతను అడిగితే, నన్నెందుకడుగుతావు, ఆమెనడుగు, అంది.

ఇబ్రహీం భార్య వైపు చూశాడు. ఆమె ముక్కు తుడుచుకుని, రాయిని పైనుంచి కిందిదాకా ఒకసారి చదువుకుంది. తన పేరు రాయించుకోవచ్చు. ఇప్పుడెవరూ కాదనరు. ముప్పై ఏడు అన్న అంకె కూడా రాయించుకోవచ్చు.

"పోలింగు జరిగింది అని రాయి," అంది. "గంతే చాలు."

భోజనాలకు పిలుపు వచ్చినా సగం మంది కదల్లేదు. ఇబ్రహీం షెడ్డుకు పోయి సంచీ తెచ్చాడు. మహిపాల్ అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు. రేకుల సంగతి మళ్లీ ఏమీ తేల్చకుండానే పోయాడు. అనసూయమ్మ తన కుర్చీని రాయి పక్కకు వేయించుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. ఇబ్రహీం మోకాలి మీద కూర్చుని, ఉలి మొన ఆ మాట మొదటి అక్షరానికి ఆనించి సుత్తె ఎత్తాడు. ఈసారి దెబ్బలు ఒకే తూకంలో పడ్డాయి.

ఖైరున్నిసా నేల మీద కూర్చుని రంగు డబ్బా మూత తీసింది. పైన మీగడలా పేరుకున్న రంగును పుల్లతో నిదానంగా కలుపుతూ, ఆయన పని అయ్యేదాకా కాచుకుంది.